మాస్టరు నడుము కొలత

తొమ్మిదింటికల్లా కటింగ్ మాస్టరు బల్లకింద దూరి అవతల లేచాడు. దర్జీ కొట్టులో మెట్లకింద గది అది. బల్ల ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఉంటుంది. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా పాకాల్సిందే. ముప్పయ్యేళ్లుగా పాకుతున్నాడు. "కన్నంలో ఎలుక నయం, దానికి రెండు దారులుంటాయి" అంటుంది అతని భార్య. ఆమె అదే కొట్టులో, గది బయట స్టూలు మీద కూర్చుని గుండీలు కుడుతుంది.

ఈరోజు పాకుతుంటే కుడి డొక్కలో కలుక్కుమంది. మూడు నెలల క్రితం అక్కడే చిన్న కన్నాలు పెట్టి, రాళ్లు నిండిన పిత్తాశయాన్ని తీసేశారు. దాన్ని పరీక్షకు పంపామని, పది రోజులకు వచ్చి కాగితం తీసుకెళ్లమని చెప్పారు. మాస్టరు వెళ్లలేదు. రాళ్లు పోయాయి, కుట్లు మానాయి, ఇంకేం పని? ఇచ్చేసిన చొక్కా వెంట ఏ దర్జీ అయినా పరుగెత్తుతాడా? నిన్న నొప్పి తట్టుకోలేక ఆసుపత్రికి వెళితే, ఇన్నాళ్లూ అక్కడి బీరువాలో పడున్న కాగితం బయటపడింది. తీసేసిన ఆ తిత్తిలోనే క్యాన్సర్ ఉందట. మళ్లీ కోయాలట, ఈసారి కాలేయంలో కొంత ముక్కతో సహా. రేపటికల్లా ఏ సంగతీ చెప్పమన్నాడు డాక్టరు.

భార్యకు చెప్పలేదు. "పది రోజులకే వెళ్లుంటే" అన్న మాట ఆమె నోట వినడం కంటే చావే నయమనిపించింది.

బడి యూనిఫారాల రోజులు. నీలం గుడ్డ పొరలు పొరలుగా పరిచి, సుద్దతో గీసి, కత్తెర ఎత్తాడు. చెయ్యి కదల్లేదు. కోసిన గుడ్డ మళ్లీ అతకదని అతనికంటే ఎవరికి తెలుసు! ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊరికే టేపు తీసి తన నడుముకు చుట్టుకున్నాడు. ముప్పైనాలుగు ఉండాల్సింది, ముప్పై చూపించింది. పాడు టేపు, అబద్ధమన్నా ఆడదు.

"ఏంటయ్యా, కత్తెర చప్పుడే లేదు?" బయటినుంచి భార్య అడిగింది.

అతను గోడకేసి చూస్తూ చెప్పాడు. "నిన్న ఆసుపత్రికెళ్లానే. క్యాన్సరంట. మళ్లీ కోస్తారంట. రేపటికల్లా ఏ సంగతీ చెప్పమన్నారు."

ఎన్నడూ ఆ గదిలో అడుగు పెట్టని మనిషి, బల్లకింద నుంచి పాక్కుంటూ వచ్చింది. ఆ ఇరుకులో ఇద్దరికి చోటు లేదు. పది రోజుల మాట ఎత్తలేదు. అతని భుజం మీద రెండు దెబ్బలు వేసి భోరుమంది.

"చెప్పకుండా నన్ను నట్టేట ముంచుదామనుకున్నావా? రేపు కాదు, ఇప్పుడే పద."

"యూనిఫారాలే..."

"తగలెయ్ నీ యూనిఫారాలు!"

వెళ్లారు. కోశారు. లోపలంతా పాకిపోయిందని చూసి, ఏమీ తీయకుండానే కుట్టేశారు. కుట్లు ఆరాక మాస్టరు నాలుగు రోజులు కొట్టుకు వచ్చాడు. ఏదో సొంత పని ఉందన్నాడు. తర్వాత మంచం దిగలేదు. ఓ మధ్యాహ్నం ఆమె మంచినీళ్లు తెచ్చేలోగా పోయాడు.

కొత్త మాస్టరు వస్తున్నాడు, సామాను తీసుకోమని కొట్టు యజమాని కబురు పెట్టాడు. ఆమె మళ్లీ పాక్కుంటూ లోపలికి వెళ్లింది. పై అరలో కాగితం చుట్టిన ప్యాంటు ఒకటి దొరికింది. మాస్టరు తనకోసం కుట్టుకున్నది, నడుము ఇరవై ఎనిమిది. తిరగేసి చూసింది. వెనక కుట్టు లోపల, ఎదిగే పిల్లలకు వదిలినట్టు, మూడంగుళాల గుడ్డ మడిచిపెట్టి ఉంది.