నీళ్ళ పెట్టెలో ఆరో చేప

పాతికేళ్ళ కిందట టామరాక్ సరస్సు మీద వాలై చేపల పోటీ మొదలైన నాటి నుంచీ వెర్నా టోలెఫ్సన్ ఒడ్డునే ఉండిపోయింది. మొగుడు హార్లన్, ఇద్దరు కొడుకులు పడవెక్కి పోతుంటే ఆవిడ చర్చి ఆడవాళ్ళ గుడారంలో నిలబడి రూబార్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన తీపి పైలు కోసి అమ్మేది. అలాగని ఆవిడకు గాలం తెలియదనుకుంటే పొరపాటు. ఆ ఇంట్లో వేగిన చేపల్లో సగం, సాయంత్రం గిన్నెలు కడిగాక వెర్నా పడవల రేవు చివర కూర్చుని పట్టినవే. హార్లన్ పట్టిన పెద్ద వాలై మాత్రం దూది కూరిన బొమ్మగా గోడకెక్కింది. ఇంటికొచ్చిన ప్రతివాడికీ దాని కథ చెప్పేవాడు. ఆయన పోయాక ఆ పని చిన్నకొడుకు డ్వైట్ అందుకున్నాడు.

పెద్దకోడలు జనెల్ బడి వంటశాలలో పనిచేస్తుంది. అత్తను పోటీలోకి దింపాలన్న పట్టుదల ఆమెదే.

"ఈసారి మనిద్దరం దిగుదాం అత్తయ్యా."

"డెబ్భై నాలుగేళ్ళ దాన్ని. నన్ను చూస్తే చేపలు నవ్విపోతాయే!"

"నవ్వడానికి నోరు తెరుస్తాయిగా, అప్పుడే గాలం వేద్దాం."

వెర్నా కాసేపు నవ్వింది. మర్నాడు అడక్కుండానే షెడ్డులోంచి పాత గాలపు కర్ర తీసి తుడుచుకుంటూ కనిపించింది.

పోటీ రోజు పొద్దున రేవులో డ్వైట్ తన కొత్త పడవలోంచి కేకేశాడు. "వదినా, పొయ్యి కూడా ఎక్కించుకున్నారా? చేపలు పడకపోతే మాకు కాఫీ అయినా కాచిపెడుదురుగాని!"

చుట్టూ ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు.

"నీ గాలానికి ఎరగా జలగ గుచ్చడం నేర్పింది ఎవర్రా?" అంది వెర్నా. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. డ్వైట్ ఎగతాళిని వెర్నా అక్కడే మరిచిపోయింది. జనెల్ మరవలేకపోయింది. ముల్లులా మనసులో గుచ్చుకుని కూర్చుందది.

పోటీ నియమం కటువైనదే. పడవకు ఆరు చేపలు, వాటి మొత్తం బరువును బట్టే గెలుపు. పడవలోని నీళ్ళ పెట్టెలో ఒకసారి వేసిన చేపను మళ్ళీ మార్చుకోకూడదు. ఆరోది పడిందంటే ఆ పడవకు ఆట ముగిసినట్టే. ఆ తర్వాత ఏది పడినా తిరిగి నీళ్ళలోకి వదిలెయ్యాలి.

మధ్యాహ్నానికి ఇద్దరూ కలిసి అయిదు పట్టారు. అన్నీ చెప్పుకోదగ్గవే. వెర్నా నీటి అడుగున రాళ్ళ దిబ్బ ఉన్నచోట లంగరు వేయించి, ఆకాశం కేసి చూసింది. మబ్బు కమ్ముతోంది, నీళ్ళ మీద చిన్న అలలు లేస్తున్నాయి.

"గాలి తిరిగింది. పెద్దవి రాళ్ళ మీదికి ఎక్కే వేళ ఇదే" అంది.

అంతలో డ్వైట్ పడవ నీళ్ళు చిమ్ముకుంటూ పక్కనుంచి పోయింది. "మావి ఆరూ అయిపోయాయి వదినా! కాఫీ వేడిగా ఉండాలి మరి!"

అదే సమయానికి జనెల్ గాలానికి చేప తగిలింది. పైకి లాగితే బక్కది, జానెడు కంటే కొంచెం పొడవు.

"వదిలెయ్యి అమ్మాయ్. ఇంకా బోలెడు పొద్దుంది."

"ఆరు లేకుండా ఒడ్డుకెళ్తే వాడి నోటికి అడ్డూ ఆపూ ఉండదు అత్తయ్యా. ఇంక పడకపోతే?"

"కాసేపాగు."

జనెల్ ఆగలేదు. చేపను పెట్టెలో వేసి మూత దించేసింది. వెర్నా తన దారం చుట్టుకోవడం మొదలుపెట్టింది.

సగం చుట్టేసరికి దారం నిలిచిపోయింది. రాయికి పట్టుకుందనుకున్నారు. ఆ రాయి మెల్లగా పక్కకు కదిలింది.

వెర్నా లేచి నిలబడింది. కర్ర విల్లులా వంగింది. చేప లోతుకు పోయింది, తిరిగొచ్చింది, పడవ కిందికి దూరింది. ఆవిడ తొందరపడలేదు. లాగినప్పుడు వదిలింది, అలిసినప్పుడు చుట్టింది. చివరికి అది పడవ పక్కన పైకి తేలింది. బంగారు రంగు ఒళ్ళు, గాజు గోళీల్లాంటి కళ్ళు. జనెల్ చేతివల దాని కిందికి పెడితే తోక బయటే ఉండిపోయింది. గోడ మీది చేప దీని ముందు పిల్ల.

"అత్తయ్యా, ఆ బక్కదాన్ని తీసి పారేద్దాం. ఎవరూ చూడలేదు."

"నువ్వు చూశావు, నేను చూశాను. ఇంకెంతమంది కావాలే?"

వెర్నా వంగి గాలం విప్పింది. చేపను రెండు చేతులతో నీళ్ళలో పట్టుకుని, అటూ ఇటూ మెల్లగా ఊపింది. జనెల్ ఫోన్ కోసం సంచీ అంతా తిరగేస్తూనే ఉంది. అది దొరికేసరికి ఆవిడ చేతులు ఖాళీగా ఉన్నాయి. చాలాసేపు వాటిని నీళ్ళలోనే ఉంచుకుంది.

తూకం దగ్గర వాళ్ళకు పదకొండో స్థానం వచ్చింది. డ్వైట్‌కి మూడోది. ఏదో అనబోతున్నాడు. జనెల్ తట్టుకోలేక గబగబా పెద్ద చేప సంగతి చెప్పేసింది.

"ఫోటో ఏది వదినా?" అన్నాడు కళ్ళెగరేస్తూ. "అమ్మా, నిజమేనా?"

వెర్నా కోడలి మొహం చూసింది. నిజమని చెబితే, అలాంటి చేపను ఎందుకు వదిలావని అడుగుతారు. బక్కచేపను జనెల్ తొందరపడి పెట్టెలో వేసిన సంగతి బయటికొస్తుంది.

"ఆ, ఏదో పడిందిలే. నీళ్ళలో ఏదైనా పెద్దగానే కనిపిస్తుంది" అంది. పైలు అయిపోయాయేమో చూస్తానంటూ గుడారం వైపు నడిచింది.

ఆ చలికాలం వెర్నా ఇంటి ముందు మంచు మీద జారి పడింది, తుంటి విరిగింది. వసంతంలో సరస్సు కరిగే నాటికి కర్ర సాయంతో నడుస్తోంది గానీ, పడవ మాట ఎత్తొద్దన్నాడు డాక్టరు. పోటీ ప్రకటన వచ్చిన రోజు జనెల్ ఓవెన్‌లో వండే క్యాసరోల్ చేసి పట్టుకెళ్ళింది. ఇద్దరూ వంటింట్లో కూర్చుని తిన్నారు. ఏడాదిగా గొంతులో ఉన్న మాట జనెల్ అప్పుడు అడిగింది.

"నా మీద కోపంగా ఉందా అత్తయ్యా?"

"కోపమెందుకే? పాతికేళ్ళలో నన్ను పడవెక్కమన్నది నువ్వొక్కదానివే."

జనెల్ ఊపిరి పీల్చుకుంది. వెర్నా చెంచాతో గిన్నె అంచు గీకింది.

"కానీ కాసేపాగమన్నానుగా" అంది తల ఎత్తకుండా. "ఆగి ఉంటే బాగుండేదమ్మాయ్. ఆ చేప బరువెంతో తెలిసుండేది."