ఊడ్పు నూకలు

ఫణిశ్రీ రాజమండ్రి కాలేజీలో ఎకనామిక్స్ చెబుతుంది. దేశంలో ఏ పరిశ్రమ సరుకు ఏ పరిశ్రమకు ముడిసరుకవుతుందో చూపే పెద్ద పట్టికలో, బియ్యం మిల్లుల వరుస నింపే పని ఆమెకు అప్పగించారు. అందుకోసం మండపేటలో త్రిమూర్తులుగారి మిల్లు చూసింది. తవుడు నూనె ఫ్యాక్టరీకి, ఊక ఇటుక బట్టీలకు, నూకలు ఇథనాల్ ఫ్యాక్టరీకి వెళ్తాయి. ఎలా కూడినా లోపలికెళ్ళిన ధాన్యం కన్నా బయటికొచ్చిన సరుకు కాస్త తక్కువే తేలింది. ఆ తేడాను 'నష్టం' అని రాసి, ఓసారి చూడమని ఆయనకు పంపింది.

మళ్ళీ మిల్లుకు వెళ్ళేసరికి గేటు దగ్గర ఆడకూలీలు ఖాళీ సంచులతో నిలబడి ఉన్నారు. పని దిగేముందు నేల ఊడ్చి, ఆ ఊడ్పు నూకలు చెరుక్కుని ఇంటికి పట్టుకెళ్ళడం అక్కడ ఎప్పట్నుంచో ఉన్న మామూలు. ఆ రోజు వాళ్ళని ఊడ్చుకోనివ్వలేదు.

"ఈవిడేనే, మన నూకలు కంప్యూటర్లో పోసేసింది," అంది లోవమ్మ పక్కావిడతో, వినపడేలాగే. పోయినసారి కొబ్బరిబోండాం కొట్టించి ఇచ్చిన మనిషి.

ఫణిశ్రీ తల దించుకుని లోపలికి నడిచింది.

"రండి మేడంగారూ," అన్నాడు త్రిమూర్తులు హుషారుగా. "మా తాతగారి నాటి చిల్లు మీరు పట్టుకున్నారు. ఇక ఆ ఊడ్పు కూడా ఇథనాల్‌కే తోలేస్తాను."

"తప్పు నాదండి. అది నష్టం కాదు."

"మరేంటండి?"

"కూలి. కొంత డబ్బుగా ఇస్తున్నారు, కొంత నూకలుగా. అవి ఆపితే కూలి కోసినట్టే. నేను అలాగే రాయాలి."

ఆయన మొహం ముడుచుకుంది. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"పక్క మిల్లాయనా ఇంతే డబ్బిస్తాడు, నూకలు మాత్రం ఇవ్వడు. ఆ లెక్కన నేనే ఎక్కువ కూలి ఇస్తున్నట్టా?"

"అవునండి."

"ఈ ముక్క నాకెవరూ చెప్పలేదే." ఆయన కిటికీలోంచి కేకేశాడు. "వాళ్ళని ఊడ్చుకోమనరా. మీరు మాత్రం కూలి అనే రాయండి మేడంగారూ."

ఫణిశ్రీ బస్సెక్కబోతుంటే లోవమ్మ పరుగున వచ్చి చేతిలో పొట్లం పెట్టింది.

"కోళ్ళకెయ్యండి."

"మాకు కోళ్ళు లేవమ్మా."

"అయితే ఉప్మా చేసుకోండి. రాళ్ళేరాను లెండి." లోవమ్మ వెనుదిరిగి, మళ్ళీ ఆగింది. "ఇది మాత్రం ఎక్కడా రాయకండి."