గోడ దగ్గరకు రాని చీమలు

మూకుడు వాలుగా పెట్టింది తను కాదు, బెల్లం కుండ మీద దాన్ని సరిగ్గా బోర్లించి పైన రాయి కూడా పెట్టింది నిన్న సాయంత్రం, అయినా అత్త పోలేరమ్మది పొద్దున్నించి అదే సాధింపు, ఏందే దేవకీ, కుండ నిండా చీమలు, మొగుడు ఆత్మకూరు నించి దిగినాడని కళ్లు కనపడడంలా నీకు అని, కళ్లు బాగానే కనపడతా ఉండాయత్తా, పళ్లు లేని నోటికి బెల్లం ముక్క కావాల్సొచ్చి తెల్లారేసరికి కుండలో చెయ్యి పెట్టినోళ్లను అడుగు అని దేవకమ్మ అననే అన్నది, నా మీదికే తెచ్చినావా అని ముసలామె మూతి తిప్పుకుంది, ఆ మూతి మూల బెల్లం మరక ఇంకా ఉంది, మామూలుగా అయితే నవ్వొచ్చేది, ఇవాళ రాలేదు, ఇవాళ పాయసానికి ఈ బెల్లమే కావాలి, చీమల్ని ఒక్కొక్కటే ఏరాలి, కొంగు ముడిలో పొట్లం నడుముకు గుచ్చుకుంటూ ఉంది, కొండాపురం నుంచి తెప్పించిన విరుగుడు పొడి, తీపిలో కలిపి పెట్టమన్నారు, సవతి శీనమ్మ పెట్టిన మందు విరిగిపోవాలి, మొగుడు ఆ ఇంటి దారి మరిచిపోవాలి.

పెట్టింది కాక మరేమిటి, ఆత్మకూరు చేని దగ్గర ఇల్లు కావాలన్నాడు పెంచలనరసయ్య, ఇల్లు లేచాక ఇంటికి మనిషి కావాలన్నాడు, ఆ మనిషికి తాళి కట్టి ఏడాది దాటింది, పదిహేను రోజులు అక్కడ, పదిహేను రోజులు ఇక్కడ, ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు ఓపిక లేక కాళ్లీడ్చుకుంటూ బండెక్కుతాడు, అక్కడి నుంచి వచ్చేటప్పుడు బండాగకముందే దూకుతాడు, మొన్నా అట్లాగే దూకాడు, నిన్న నారాయణయ్య వైద్యుడు అరుగు మీద కూర్చుని మడమ పుండు కట్టు విప్పాడు, ఆరు నెలలుగా మానని పుండు, అది ముదిరితే కాలు దక్కదు, మనిషే దక్కడు అని ఎండాకాలంలో చెప్పిన నోటితోనే, మానుముఖం పట్టిందే, ఎవరో మంచి మందే పెడతా ఉండారయ్యా నీకు అన్నాడు, తలుపు చాటున తను, అరుగు మీద మొగుడు, మొగుడు తల వంచుకున్నాడు, పెళ్లిపీటల మీద కూడా వంచని తల, ఎవరి చెయ్యి గుర్తొచ్చి వంగింది, ఆ శీనమ్మ చెయ్యి తన చేతికంటే నలుపు, వేళ్లు పొట్టి, పోయిన తిరునాళ్లలో చూసింది, ఆ పొట్టి వేళ్లు ఏం కలుపుతాయి, దేంట్లో కలుపుతాయి, అక్కడ ఏం తింటావయ్యా అని అడిగితే, ఏముండాది, కొర్రన్నం, ఉలవచారు, కాకరకాయ అన్నాడు, ఎంత తేలిగ్గా అన్నాడు, కొర్రన్నమట, కరువు కూడు.

ధాత నామ సంవత్సరం కరువులో ఆ కొర్రలకే మొహం వాచి, గంజిలో మెతుకు తగలని రోజున, ఈ కరువు దాటనీయ్యా, నీకు పూటపూటకీ తెల్లన్నం పెడతా అని తను ఒట్టేసింది, వానలు పడ్డాక ఒక్క పూట తప్పలేదు, సన్నబియ్యం, నెయ్యి, చివర్లో బెల్లం పాకం, ఇంకొంచెం వెయ్యనా అంటే వద్దనడు, వద్దనలేడు, ఆ ఒట్టు ఆయనకూ గుర్తే, తిని చెంబులకు చెంబులు నీళ్లు తాగుతాడు, ఒంటికని పదిసార్లు దొడ్డి గోడ దగ్గరికి లేస్తాడు, ఆ గోడ దగ్గర ఎర్రగా బారులు తీరిన చీమలు, తను బూడిద చల్లీ చల్లీ విసిగి, చీమలు, చేతిలో బెల్లం ముక్క ఆగిపోయింది, ఇవాళ గోడ దగ్గర చీమల్లేవు, పొద్దున బూడిద తట్ట పట్టుకెళ్లి ఊరికే తిరిగొచ్చింది, అక్కడ తీపి దొరకకనే కదా కుండ దాకా వచ్చాయి, పోయిన విడతా అంతే, ఆయన దిగిన నాలుగు రోజులు గోడ శుభ్రం, ఐదో రోజుకు బారు, అంతకుముందూ అంతే, తన తెల్లన్నం తీపంతా ఆయన ఒంట నిలవకుండా గోడ పాలవుతోంది, పుండును మాననివ్వడం లేదు, వైద్యుడన్న మందు పొట్లంలో ఉండేది కాదు, కొర్రన్నం, కాకరకాయ.

శీనమ్మ తెలిసి వండుతోందా, తెలిసే, ఆమె గోడ దగ్గరికీ చీమలు వచ్చే ఉంటాయి, ఆమె బూడిద చల్లి ఊరుకోలేదు, ఎందుకొచ్చాయా అని ఆలోచించింది, తను ఆలోచించలేదు, మందు పెట్టి లాక్కుందంటే ఓర్చుకోవచ్చు, నాలుగు తిట్లు తిట్టి నిద్రపోవచ్చు, తనకంటే బాగా చూసుకుంటోందంటే ఎట్లా ఓర్చుకునేది, కడుపులో ఈ మంటను ఏ పొడి ఆర్పుతుంది, పొట్లం విప్పి పొయ్యిలో పోసింది, చిటపటమని కాలింది.

మధ్యాహ్నం ఆయన విస్తట్లో పిడికెడు అన్నం, దానికి మూడింతలు తోటకూర, అత్త తొంగి చూసి, ఏందే, నా బిడ్డకి కాకి ముద్ద పెట్టినట్టు పెట్టినావు, పాయసం యాడ అన్నది, చీమలకొదిలేసినానత్తా అంది దేవకమ్మ, కోపమా అని మొగుడు మెల్లిగా అడిగాడు, కోపమే, ఆ మడమ కట్టు వైపు చూస్తూ అనుకుంది, ఈ మనిషి బతికుంటేనే కదా ఆ శీనమ్మను చూసి కుళ్లుకోవడానికైనా, ఇంకొక్క గరిట కూర వేసి చెప్పింది, రేపు బండి కట్టించయ్యా, ఆత్మకూరికి నేనూ వస్తా, సవతి కొంపకా అన్నది అత్త, అవునత్తా, ఆ కొర్రన్నం ఎట్లా వండతాదో పక్కన కూర్చోని నేర్చుకుంటా, నేర్చుకోని వచ్చినాక ఈ ఇంట్లో తెల్లన్నం పొయ్యెక్కదు, ఒట్టు తప్పినా సరే, కొర్రన్నం కూడా ఆమెకంటే నేనే బాగా వండతా.