పాత పిన్ను

భూమన్నకు అల్లుడంటే ఒళ్లుమంట. ఆ మంటను ఆయన కడుపులో దాచుకునే రకం కాదు, బెల్లంపల్లిలో తమ గల్లీ గల్లీకంతా పంచిపెట్టాడు. బొగ్గుబాయి వర్క్‌షాపులో ఆయన పెద్దమేస్త్రీ. గని దొర కాళ్లావేళ్లా పడి కైలాసాన్ని తన చేతికింద హెల్పరుగా పెట్టించి, పని నేర్పి, బిడ్డ సక్కుబాయినిచ్చి పెళ్లి చేస్తే, ఆ కైలాసం చెప్పాపెట్టకుండా బేగంపేటకు పోయి విమానాల షెడ్డులో చేరాడు. అక్కడా హెల్పరే. పైగా విమానాలు బాగుచేసే ఇంజనీరు లైసెన్సు కావాలన్నాడు. రాత పరీక్ష ఎలాగో గట్టెక్కి, ఎదురుగా నిలబెట్టి అడిగే పరీక్షలో బోర్లాపడ్డాడు.

సక్కుబాయి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పిల్ల అడుగులేసే ఈడుకు వచ్చినా భూమన్న వాళ్లను పంపలేదు. "హెల్పరు కొంపకు నా బిడ్డను తోల" అని మొండికేశాడు. పెద్దమనుషులు కూర్చుని తగవు తెంపారు. కైలాసం ఇంకొక్కసారి పరీక్షకు పోవాలి. గెలిస్తే పెండ్లాన్నీ పిల్లనూ తీసుకుపోవచ్చు. తప్పితే బెల్లంపల్లికి తిరిగొచ్చి మామ చేతికిందే బతకాలి. కైలాసం పౌరుషానికి పోయి ఒప్పుకున్నాడు.

బేగంపేట గదిలో నలుగురి మధ్య చదువు సాగదని, పిల్ల ముఖమైనా చూడొచ్చని, సెలవు పెట్టి అత్తగారింటికే పుస్తకాలు మోసుకొచ్చాడు. బుద్ధి ఉన్నవాడు ఎవడూ చేసే పని కాదు. అతను పుస్తకం తెరిస్తే చాలు, భూమన్న అరుగు మీద పేకాట పెట్టించేవాడు. పేక లేని పూట మంచం కోళ్లకు సుత్తెతో చీలలు కొట్టేవాడు.

"నట్టు బిగించెతందుకు లైసెన్సట! రేపు బువ్వ తినెతందుకు సుత లైసెన్సు అడుగుతడు" అని, దారిన పోయేవాళ్లకు వినిపించేలా నవ్వేవాడు.

ఒకరోజు అన్నం ముందు కైలాసానికి ఓపిక చచ్చిపోయింది.

"నేనెందుకు తప్పిన్నో ఎర్కేనా మామా? నీ పనితనంతోనే తప్పిన."

భూమన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

సంగతి ఇది. నట్టు వదులు కాకుండా దాని గుండా ఒక పిన్ను దూర్చి కొనలు వంచుతారు. యుద్ధం రోజుల్లో సామాను దొరకక, ఊడదీసిన పిన్నును సుత్తెతో సాపుచేసి మళ్లీ పెట్టడం వర్క్‌షాపులో అలవాటైంది. యుద్ధం పోయినా అలవాటు పోలేదు. పిన్ను పారేసిన హెల్పరు వీపు భూమన్న చేతిలో చిట్లేది. విమానంలో అలా కాదు. ఒకసారి వంగిన పిన్ను చెత్తే, మళ్లీ కొత్తది పెట్టాల్సిందే. ఆ ముక్క కైలాసం చదివాడు, కంఠతా పట్టాడు. తీరా పరీక్షకుడు నట్టు చేతికిచ్చి బిగించమంటే, పాత పిన్ను ముద్దుగా సాపుచేసి పెట్టి మెప్పుకోసం తలెత్తాడు. పరీక్షకుడు తలుపు చూపించాడు.

"ఇన్నేండ్ల సంది గా పిన్నులతోనే బండ్లు నడిపిస్తున్న. యాడన్న ఆగినయా?" అని గర్జించాడు భూమన్న.

"నీ బండి ఆగితే భూమ్మీద ఆగుతది. మాది ఆగితే యాడ ఆగుతది?"

భూమన్న కంచం విసిరేశాడు. అత్త కనకవ్వ మెతుకులు ఊడుస్తూ ఇద్దరినీ కలిపి తిట్టింది.

మర్నాడు పిల్ల మూడు చక్రాల నడకబండికి ఒక చక్రం ఊడొచ్చింది. "జర సూడు" అంది సక్కుబాయి. ఏ కళనున్నాడో, కైలాసం వంగిన పిన్ను లాగి, రాయి మీద సాపుచేసి, మళ్లీ దూర్చి కొనలు వంచాడు. వెనక నుంచి నవ్వు వినిపించింది.

"నీ పుస్తకం నెత్తిల ఉన్నది, అల్లుడా. నా పని నీ చేతుల ఉన్నది. పరీక్షల ఏది ముందుగాల లేస్తదో సూద్దాం."

కైలాసానికి మామ మీద కోపం కంటే తన చేతుల మీద అసహ్యం ఎక్కువైంది. మంచిర్యాలకు పోయి గుప్పెడు కొత్త పిన్నులు కొనుక్కొచ్చాడు. నడకబండి పాత పిన్ను లాగి మురుగు మోరీలో పారేసి కొత్తది పెట్టాడు. భూమన్న అది చూసి, పుల్లతో మోరీ కెలికి పాతది వెతికి పట్టుకుని, కొత్తది పీకి పాతదే బిగించాడు. ఇక అదే యుద్ధం. ఇతను పారేయడం, ఆయన వెతకడం. "ఇనుము పారేసే చెయ్యి ఇరిగిపోను! ఇల్లు ముంచెటోడా! నీ తాత సొమ్మారా!" అని భూమన్న ముఖం మీద ముఖం పెట్టి అరిచేవాడు, చెయ్యెత్తేవాడు. గల్లీ అంతా గుమిగూడి చూసేది. మొదట్లో ఆ అరుపుకు కైలాసం పిన్ను జారవిడిచేవాడు. తర్వాత్తర్వాత మామ ఎంత మొత్తుకున్నా, చెయ్యి దాని పని అది చేసుకుపోయేది.

బేగంపేటలో పరీక్షకుడు పాతవాడే. ఈసారి నట్టు చేతికివ్వలేదు.

"పిన్ను ఊడదీశావు. స్టోరులో కొత్తది లేదు. విమానం నిండా జనం కూర్చున్నారు. ఏం చేస్తావు?"

"కొత్త పిన్ను వచ్చేదాకా విమానం ఆగుతుంది సార్."

"పాతది సాపు చేసి పెట్టు. ఒక్కసారికే. ఎవరు చూస్తారు?"

"పెట్టను సార్."

పరీక్షకుడు లేచి బల్ల మీద గుద్దాడు. పైలట్టు తిడతాడన్నాడు, మేనేజరు ఉద్యోగం పీకుతాడన్నాడు, పెండ్లాం పిల్లలు రోడ్డున పడతారన్నాడు. తలుపు బయట వరుసలో నిలబడ్డవాళ్ల ముఖాలు పాలిపోయాయి. కైలాసానికి మాత్రం నవ్వొచ్చినంత పనైంది. భూమన్న నోటి ముందు ఇదీ ఒక అరుపేనా?

"ఎవరు అరిచినా, విమానం ఎగరొచ్చని సంతకం పెట్టను సార్."

పరీక్షకుడు కూర్చుని, మామూలు గొంతుతో ఇంకో ప్రశ్న అడిగాడు.

లైసెన్సు చేతికొచ్చాక పెండ్లాన్నీ పిల్లనూ తీసుకుపోవడానికి కైలాసం బెల్లంపల్లికి వచ్చాడు. భూమన్న రమ్మనలేదు, కూర్చోమనలేదు. సక్కుబాయి పెట్టె సర్దుతున్నంతసేపూ గోడవైపు తిరిగి బీడీ కాల్చాడు. ఇతను పిల్లను ఎత్తుకుని గడప దాటుతుంటే అప్పుడు అడిగాడు.

"నేను నేర్పింది ఒక్కటన్న అక్కరకొచ్చిందా?"

ఆ గొంతులో వెటకారం లేదు. కైలాసానికి జవాబు తెలుసు. పరీక్ష గదిలో తనను నిలబెట్టింది ఎవరో కూడా తెలుసు. కానీ ఆ ఇంట్లో తిన్న తిట్లన్నీ గుర్తుకొచ్చాయి.

"రాలే" అన్నాడు.

భూమన్న తిట్టలేదు. స్టేషను దారి పట్టినా కైలాసం వెనక నుంచి అరుపు వస్తుందని చెవి ఒగ్గుతూనే ఉన్నాడు. రైలు కదిలేదాకా ఏ అరుపూ రాలేదు.