ఊడ్చిన అడవి

ఖిముళి ఊరు విడిచి వెళ్ళిపోతానని మాఘమాసంలో చెప్పింది. ఆ రోజు పరధ్యానంలో పాలు రెండుసార్లు పొంగిపోనిచ్చాను.

ఖిముళి నాకు వరసకు తోడికోడలు. నాలుగేళ్ళు పెద్దది. దొరికిన పుస్తకమల్లా చదివే అలవాటు నాది, ఆమెకు అది వేళాకోళం. మీది వాడలో ఇప్పుడు పొయ్యి వెలిగే ఇల్లు ఆమెదొక్కటే. నేనుండేది కింది వాడలో. అక్కణ్ణించి ఇక్కడికి అరగంట దిగుడు. నలభై ఏళ్ళు ఇద్దరం కలిసే అడవికి వెళ్ళాం, కలిసే మోపులు దించుకున్నాం. ఆమె ఇంటి వెనక రాతి మెట్ల చెలమ ఉంది. దానికి పైనంతా బాంజ్ అడవి. ఓక్ చెట్లలో మా మంచుకొండల రకం బాంజ్. ఆకు పైన పచ్చగా, కింద తెల్లగా ఉంటుంది. ఆ చెట్ల వేళ్ళు పట్టి ఉంచిన నీళ్ళే చెలమలోకి ఊరతాయి. పశువుల మేతకని ఏటా నరికి నరికి వాటిని మొండిమాన్లు చేశాం. ముసలి చెట్టు కూలితే ఆ చోట పిల్లచెట్టు లేవడం లేదు. అవతలి కొండ నుంచి నీళ్ళు నిలపని పైన్ చెట్లు మెల్లగా ఇటు దిగుతున్నాయి. వేసవిలో చెలమ అడుగు కనిపించడం మొదలైంది.

అందుకని మూడేళ్ళ కిందట ఊరంతా కలిసి అడవిని దేవికి అప్పగించాం. ఐదేళ్ళు ఎవరూ కొడవలి పట్టుకుని అందులో అడుగుపెట్టకూడదని గుడి ముందు అక్షతలు చేతబట్టి ఒట్టు పెట్టుకున్నాం. అంచు చెట్లకు ఎర్రగుడ్డలు కట్టాం. దేవి అడవిలో కొమ్మ మీద చెయ్యి వేసే ధైర్యం మా ఊళ్ళో ఎవరికీ లేదు.

చెలమ ఎండిపోతే ఖిముళి ఏటి ఒడ్డున ఉండే కూతురు ఆనంది ఇంటికి పోవలసిందే. నా ఇంటికి రమ్మని ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. నీ కూరలో ఉప్పు తక్కువైందని నేను రోజూ అంటాను, ఆ దిగులుతో నువ్వు చస్తావు, ఆ పాపం నాకెందుకు అనేది.

నాకు ఎవరు వెళ్ళిపోయినా భయమే. పెళ్ళయి వచ్చిన రోజున మా అమ్మ కనుమ దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. ఆ తరువాత ఆమెను చూడలేదు. మా ఆయన సెలవు పూర్తయి పటాలానికి వెళ్తూ మలుపు దగ్గర తలపాగా సర్దుకున్నాడు. అదే ఆఖరు. ఇప్పటికీ ఎవరు బాట దిగుతున్నా, మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడతాను. కోడలు నవ్వుతుంది. నవ్వనీ.

అడవి మూశాక ఖిముళికి పెద్ద ఇబ్బంది గేదెతో వచ్చింది. దాని పేరు భూరి. గట్ల మీది గడ్డితో కడుపు నింపవచ్చు గాని, మా చలికాలంలో కింద మందంగా ఎండాకు పరవకపోతే గేదె బతకదు. ఖిముళికి మోకాళ్ళు పోయాయి. గేదె లేకపోతే ఆమెకు ఇక్కడ ఉండటానికి ఏ సాకూ మిగలదని నాకు భయం. అందుకని ఆకు మోసే పని నేను తలకెత్తుకున్నాను. ఒట్టు కొడవలికే కదా, చీపురుకు కాదు. రాలిన ఆకు ఎవరి సొమ్మని ఊళ్ళోవాళ్ళూ తలాడించారు. కార్తీకం మొదలు ఫాల్గుణం దాకా రోజూ తెల్లవారగానే బుట్ట వీపున వేసుకుని వెళ్ళేదాన్ని. కొత్తకోడలిగా వచ్చినప్పుడు మా అత్త నాకు నేర్పిన మొదటి పని అది. అడవి నేల వాకిలిలా కనబడాలి అనేది. నేను ఊడ్చిన చోట ఒక్క ఆకు మిగిలేది కాదు. మంచు కరిగిన మట్టి నల్లగా, శుభ్రంగా మెరుస్తుంటే నాకే ముచ్చటేసేది.

మాఘంలో అటవీ పంచాయతీ పెద్ద జీత్ సింగ్ అడవంతా తిరిగి వచ్చాడు. మూడేళ్ళయినా ఒక్క బాంజ్ మొక్క లేదన్నాడు. ఉత్తినే మూసి ఉంచడం ఎందుకని జనం అడుగుతున్నారు, చైత్రంలో గుడి దగ్గర కూర్చుని దేవి అనుమతితో తెరుద్దాం అన్నాడు. తెరిస్తే ఒక్క చలికాలంలో ఆ చెట్లకు మిగిలేది మొండెమే. ఖిముళి వింటూ బెల్లం ముక్క కొరుక్కుని టీ తాగింది. అయితే చైత్రం కాగానే నేను కిందికి పోతాను అంది, ఇంకో గ్లాసు టీ పొయ్యమన్నంత మామూలుగా.

నాకు నిద్ర పట్టలేదు. మొక్కలు లేవంటే నమ్మబుద్ధి కాలేదు. కిందటి ఏడాది బాంజ్ కాయ విరగ కాసింది. కొండముచ్చులు తిన్నంత తిని పోయినా కాళ్ళకింద గోళీల్లా దొర్లింది. అంతా ఎటు పోయినట్టు? మర్నాడు చీపురు లేకుండా వెళ్ళాను. నేలమీది కాయలు ఏరి చూశాను. ఎండకీ గాలికీ బెండులా తేలికైపోయాయి. నొక్కితే పెంకు పగిలి లోపల పొడి రాలింది. నాలుగు చోట్ల చూశాను. నాలుగు చోట్లా అంతే.

వెనక్కి తిరిగేటప్పుడు కాలు జారి కిల్మోడా ముళ్ళపొదలో పడ్డాను. చేతులంతా గీసుకున్నాయి. ఆ పొద కింద చీపురు దూరదు. మూడేళ్ళ ఆకు జానెడు మందాన మెత్తగా, తడిగా పేరుకుని ఉంది. ఆ ఆకులోంచి వేలెడంత ఎత్తున, అంచులకు రంపపు పళ్ళున్న చిన్న చిన్న ఆకులు. తిప్పి చూస్తే అడుగున తెలుపు. పందొమ్మిది దాకా లెక్కపెట్టాను. తరువాత లెక్క తప్పింది. ఒకదాని మొదట్లో మట్టి చేత్తో లోతుగా తోడి చూస్తే, పైన వేలెడున్న మొక్క కింద వేరు నా మోచేతి లోతు పోయి ఇంకా లోపలికి దిగుతోంది. మట్టి మళ్ళీ కప్పేశాను. పొదకు అవతల నేను ఊడ్చిన నేల అద్దంలా ఉంది.

ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన కూడా వచ్చింది. కాని కాళ్ళు మీది వాడకే నడిచాయి.

ఖిముళి పాలు పితుకుతోంది. అంతా చెప్పాను. నువ్వు వెళ్ళకూడదని చేసిన పనే నిన్ను పంపించేస్తోంది అక్కా అని ఏడ్చాను. ఆమె పితకడం ఆపలేదు. చెంబు నిండాక లేచింది.

"మూడేళ్ళుగా నా గేదె కింద అడవిని పరిచావన్నమాట."

"తిట్టు అక్కా. తిడితే నాకు కాస్త ఊపిరాడుతుంది."

"తిట్టడానికి ఓపిక్కూడా ఉండాలిగా. ముందు ఆ చేతులు కడుక్కో, నెత్తురు పాలల్లో పడేట్టుంది."

రెండు రోజులు ఆమె కబురు లేదు. మూడోరోజు తనే కర్ర పట్టుకుని కింది వాడకు దిగి వచ్చింది. ఆ మోకాళ్ళతో ఆమె దిగి రెండేళ్ళయింది. భూరిని ఆనందికి ఇచ్చేస్తున్నానని చెప్పింది. గేదె పోతే ఆకుతో పని లేదు. అది తాగే నీళ్ళలో నాలుగో వంతు కూడా తనకు అక్కర్లేదు, చెలమ ఎంత సన్నగిల్లినా ఒక ముసలిదాని గొంతు తడవకపోదు అంది.

"గేదె లేకపోతే నువ్వు ఉండవనుకున్నానే" అన్నాను.

"గేదె కోసం ఉన్నాననుకున్నావా? ఇన్నేళ్ళూ పుస్తకాలు తెగ చదివావు. ఏం చదివావే నువ్వు?"

చైత్రంలో గుడి దగ్గర అందరి ముందూ లేచి నిలబడి, ఊడ్చింది నేనేనని చెప్పాను. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తమ వంతుకు ఊడ్చినవాళ్ళు ఇంకా ఉన్నారు. జీత్ సింగ్ అందరినీ ముళ్ళపొద దగ్గరికి తీసుకెళ్ళాడు. పొట్టమీద పడుకుని లోపలికి చూసి లేచాడు. తరువాత అక్షతలు మళ్ళీ తెప్పించి, ఒట్టులో చీపురును కూడా చేర్చాడు. ఇంకో ఐదేళ్ళు మూశాం. పశువుల కింద పరవడానికి ఈసారి గడ్డీ గోధుమ ఊకా వాడదామని ఆడవాళ్ళే అన్నారు. సణుగుతూనే అన్నారు.

భూరిని తీసుకెళ్ళడానికి ఆనంది భర్త వచ్చాడు. ఖిముళి గేదె నుదుటికి బొట్టు పెట్టి, రాగి రొట్టె తినిపించి, తాడు అల్లుడి చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. వాకిట్లో నిలబడింది నేనే. మలుపు దగ్గర అది ఒకసారి ఆగింది. అల్లుడు అదిలించాడు. ఆ తరువాత గంట వినబడింది, అదీ కాసేపే.

అప్పటి నుంచి రెండు వానాకాలాలు గడిచాయి. ఆకు రాలిన చోటే ఉంటోంది, నడిస్తే పాదం దిగబడుతోంది. నేను ఊడ్చిన చోట్ల కూడా మొక్కలు లేచాయి. కొత్త చిగురు వంకాయ రంగులో ఉంటుంది. చెలమ పెద్దగా పెరగలేదు. అవి చెట్లయి నీళ్ళు పట్టేనాటికి మేమిద్దరం ఉండం, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. జ్యేష్ఠంలో ఖిముళి బిందె నిండాలంటే పొద్దు బారెడు ఎక్కాలి. నేను పైకి వెళ్ళి ఆమె పక్కన మెట్టుమీద కూర్చుంటాను. ఆమె నా కోడలి వంటను తిడుతుంది, నేను పేపర్లో చదివింది చెబుతాను. సగం నిండేసరికి బిందెలో నీళ్ళ చప్పుడు మారుతుంది. ఇంకా టైముందిలే, కూర్చో అంటుంది.