జోడీ కూలి

కృపాదానం ఎంత ఆలోచించినా ఒక్క సంగతికి తలాతోకా దొరకడం లేదు. ఫ్యాక్టరీలో పని తనది. జబ్బేమో పెళ్ళాం మార్తమ్మకి వచ్చింది. యాభై దాటినా తాను గుండ్రాయిలా ఉన్నాడు. ఆమె నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుంటోంది.

ఊళ్ళో తలొక మాట అన్నారు. క్షయ అన్నారు కొందరు, చేతబడి అన్నారు ఇంకొందరు. చర్చి అయ్యగారు ప్రార్థన పెట్టారు. చివరికి గుంటూరులో ఒక పెద్ద డాక్టరు ఫోటో తీయించి, ఊపిరితిత్తి మీది పొరకి కేన్సరు పట్టిందన్నాడు. రాతినార, అదే ఆస్బెస్టాసు, ఆ పొడి పీల్చినవాళ్ళకి ఇది వస్తుందని ఈమధ్యే తెలుస్తోందట. మద్రాసులో కరెంటు పెట్టిస్తే కొంతకాలం నిలబడవచ్చన్నాడు. కూలోడికి మద్రాసంటే మాటలా!

రాతినార సంగతి కృపాదానానికి కొత్త కాదు. దాచేపల్లి అవతల సిమెంటు ఫ్యాక్టరీలో ఆవిరి గొట్టాల వేడి పోకుండా పైన పూసేది అదే. దూదిలా తెల్లగా ఉంటుంది. సంచులు విప్పి గుంటలో పోసి, నీళ్ళు కలిపి, గోడకి మట్టి తొక్కినట్టు కాళ్ళతో తొక్కాలి. ఆ ముద్దని నిచ్చెనెక్కి గొట్టాలకి మెత్తాలి. మేస్త్రీ కోటయ్య ఈ పనికి ఒంటి మనిషిని పెట్టుకోడు, మొగుడూ పెళ్ళాం జోడీగా రావాల్సిందే. పేరు మగాడిది, కూలి మగాడి చేతికి. ఆడమనిషి వెంట వస్తుంది, అంతే. మార్తమ్మ తొక్కేది, కృపాదానం మెత్తేవాడు. పిల్లలు పుట్టి, పెరిగి, పెళ్ళిళ్ళయ్యేదాకా అదే వరస.

ఫ్యాక్టరీ తనిఖీకి ఇనస్పెక్టరు వస్తే మాత్రం "సద్ది తెచ్చిందండీ" అనాలని మేస్త్రీ నేర్పాడు. కృపాదానం అనేవాడు. అనగా అనగా అదే నిజమని తనకీ నమ్మకం కుదిరింది. పెళ్ళాన్ని కూలికి పంపని మొనగాణ్ణని చర్చిలో నలుగురి ముందూ గొప్పలు పోయేవాడు కూడా. గొప్పలకేం, పన్నా పాడా!

వైద్యం ఖర్చుకి కంపెనీ మీద దావా వేద్దామని ఇద్దరూ వెళితే, నరసరావుపేట ప్లీడరు ధనుంజయరావు గారు కేసు వింటూనే తల పట్టుకున్నారు.

"పని చేసిందెవరయ్యా?"

"నేనేనండి."

"మరి ఆమె చెయ్యలేదా?"

"చేసిందండి. అంటే... నా పనే చేసిందండి."

ప్లీడరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆమె కూడా కూలీయేనని రుజువైతే కంపెనీ చేత మద్రాసు వైద్యం చేయించవచ్చన్నారు. అసలు నష్టపరిహారం చట్టంలో ఈ జబ్బు ఉందో లేదో తనకే సందేహమనీ, అయినా వేసి చూద్దామనీ అన్నారు. ప్లీడరుకే సందేహమైతే ఇక కృపాదానం గతేం కావాలి! మార్తమ్మకి మాత్రం ఒక్కటే పాఠం చెప్పారు. "ఫ్యాక్టరీలో పని చేశావా అంటే చేశాననమ్మా."

గుంటూరు లేబరాఫీసులో విచారణ జరిగింది. మార్తమ్మ బైబిలు మీద ప్రమాణం చేసింది. కంపెనీ తరపు ప్లీడరు లేచి, తేనె పూసిన గొంతుతో అడిగాడు.

"ఫ్యాక్టరీలో కూలికి పోయేదానివా అమ్మా?"

"లేదు బాబూ."

ధనుంజయరావు గారు చేతిలో కాగితాలు వదిలేసి ఆమె వైపు తిరిగారు.

"బైబిలు మీద చెయ్యేసి అబద్ధమెట్టా ఆడను?" అంది మార్తమ్మ. "మేస్త్రీ ఏనాడూ నన్ను పేరెట్టి పిలవలా. నా చేతిలో కూలి పెట్టలా. ఈయన పనికి పోతంటే తోడు పోయినా, అంతే."

కృపాదానం ఆగలేక లేచాడు. "అట్టా కాదయ్యా! గొప్పకి పోయి నేనే అందరికీ అట్టా చెప్పినా. పని చేసింది ఆమె. కూలి తీసుకుంది నేను."

మార్తమ్మ అతని చొక్కా పట్టి లాగింది. "నలుగుర్లో ఏందయ్యా ఆ మాటలు? పరువు పోద్ది, కూచో."

"ఇద్దరూ రెండు మాటలు చెబితే నేను ఏది రాసుకోను?" అని విసుక్కున్నాడు ఆఫీసరు.

"ఆయన మాటే రాసుకోండి బాబూ. మా ఇంట్లో ఎప్పుడూ అంతే."

"అలా కుదరదమ్మా. జబ్బు నీది, నాకు నీ మాటే కావాలి. కూలి సంగతి వదిలెయ్. అక్కడికి పోయి ఏం చేసేదానివి?"

ఏం చెప్పమంటావని మార్తమ్మ మొగుడి వంక చూసింది. అంతలో ఆమెకి దగ్గు తెర వచ్చింది. అది సర్దుకున్నాక ఆమే మెల్లగా మొదలుపెట్టింది.

"రాతినార తొక్కేదాన్ని బాబూ. మొదట్లో ఈయనే తొక్కేవాడు. సంచి విప్పితే చాలు, ఆ పొడికి ఉక్కిరిబిక్కిరై చానా దగ్గేవాడు. చూళ్ళేకపోయినా. నువ్వు నిచ్చెనెక్కయ్యా, ఇది నేను చూసుకుంటా అని గుంటలోకి నేనే దిగినా. ఈయనకది గుర్తు కూడా ఉండదులే."

నిజమే, అతనికి గుర్తు లేదు. ఆఫీసరు కలం గబగబా సాగింది. "చాలు, ఇంక చాలు" అని ధనుంజయరావు గారు గొణిగారు. కృపాదానానికి మాత్రం ఏ చట్టమూ, ఏ డాక్టరూ చెప్పనక్కర లేకుండానే తెలిసిపోయింది, అది తనకి రావలసిన జబ్బని. అక్కడే నేల మీద కూలబడి, భార్య పాదాలు రెండూ పట్టుకుని భోరుమన్నాడు.

"లెయ్యయ్యా" అంది మార్తమ్మ సిగ్గుపడిపోతూ. "అందరూ చూస్తన్నారు."