మెట్లు దిగని ఎద్దు

మా బాల్కనీలోకి ఎద్దు ఎలా వచ్చిందని కర్నూలులో ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కూరగాయల బండి దగ్గర అడుగుతారు, స్కూల్లో స్టాఫ్ రూములో అడుగుతారు. మెట్లెక్కి వచ్చింది. ఇంకెలా వస్తుంది? ఆ ఒక్క మాట ముందే చెప్పేస్తే మిగతాది నెమ్మదిగా వింటారని చెప్పేశాను.

నేను లెక్కల టీచర్ని. ఏ పనైనా కాగితం మీద గీసుకోకుండా మొదలుపెట్టను. ఇంకొకటి, అబద్ధం చెప్పను. గొప్పకు కాదు, చేతకాదు. పెళ్లిచూపుల్లో వంట వచ్చా అని అడిగితే రాదని చెప్పి మా అమ్మ పరువు తీసినదాన్ని. రెండో అంతస్తులో మాకు రోడ్డు వైపు పొడుగాటి బాల్కనీ ఉంది. ఎండ ఎప్పుడు ఎక్కడ పడుతుందో చూసి, గ్రాఫ్ కాగితం మీద గీసి, టమేటా ఎక్కడ పెట్టాలి, మిరప ఎక్కడ పెట్టాలి, బీరతీగ ఏ మూల నుంచి పాకాలి అన్నీ రాసుకున్నాను. కుండీలు తెచ్చాను, నల్లటి గ్రో బ్యాగులు తెచ్చాను, కొబ్బరిపొట్టు, వేపపిండి తెచ్చాను. బుద్ధి మాత్రం తెచ్చుకోలేదు. నడి ఏప్రిల్లో విత్తనాలు వేశాను. ఈ ఊరి ఎండకు పూటలో వడియాలు ఎండిపోతాయి, మొలకలేం నిలుస్తాయి? మళ్లీ వేశాను, అవీ మాడిపోయాయి. మా ఆయన ఉమామహేశ్ రోజూ ఆఫీసు నుంచి వచ్చి ఖాళీ కుండీల వైపు చూసి, పంట కోతకు వచ్చిందా అని అడిగేవాడు. ఆయనకు ఆ రోజుల్లో నేను కాఫీ ఇవ్వలేదు.

సరిగ్గా అప్పుడే మా అత్త హనుమంతమ్మ పల్లె నుంచి వచ్చింది. వాళ్లది ఆలూరు వైపు ఊరు. మా మరిది వీరభద్ర అక్కడే సేద్యం చేస్తాడు. ఈ ఏడు ట్రాక్టర్ కొన్నాడు. కొన్నాక జతలో ఒక ఎద్దును అమ్మేశాడు, రెండోదాన్ని ఏరువాక పున్నమి కాగానే సంతకు తోలుతానన్నాడు. సంతలో ముసలి ఎద్దును ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో అందరికీ తెలుసు. ఆ ఎద్దు పేరు దొర. పుట్టగానే తల్లి చచ్చిపోతే అత్తే సీసాతో పాలు పట్టి పెంచింది. అది సంతకు పోవడం కళ్లతో చూడలేక ఆమె మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన దగ్గర్నుంచి వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ ఏడ్చేది. ఇంట్లో ఉల్లిగడ్డలు అయిపోయిన రోజు కూడా ఏడ్చింది. నాకు ప్రాణం ఉసూరుమనేది. మరిదేమో ఒకరు చెబితే వినే రకం కాదు.

ఒకరోజు ఆమె బాల్కనీలోకి వచ్చి నా కుండీలన్నీ ఒక్కొక్కటే చూసింది. ఒక కుండీలో మట్టి తీసి నలిపి వాసన చూసి, ఎద్దు కాలు పడిందా అని అడిగింది. ఇది బాల్కనీ అత్తా అన్నాను.

"అందుకే మొలకెత్తలే. ఎద్దు తొక్కని మన్నులో ఇత్తనం ఎయ్యకూడదు జ్యోతీ. దొరను పిలిపించి ఒకసారి తొక్కించల్ల."

మా ఆయన వాళ్లమ్మ మాట కాదనడు. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాడు. సంతకు పోయే దారి ఎలాగూ కర్నూలు మీదుగానే కాబట్టి, పున్నమి నాడు బొలేరోలో ఎక్కించుకొస్తాననీ, అమ్మ ముచ్చట తీర్చి మరుసటి పొద్దున్నే సంతకు పోతాననీ మరిది ఒప్పుకున్నాడు. ఎద్దు కోసం ఎదురుచూస్తూ మా ఆయన ఊరి కబుర్లన్నీ చెప్పాడు. దొర దూడగా ఉన్నప్పుడు మిద్దె మీద ఎండబోసిన శెనక్కాయలు తినడానికి రోజూ మెట్లెక్కి పోయేవాడట. ఎద్దును పట్టుకుని వాడు వీడు అనడం ఏమిటని నేను విసుక్కున్నాను.

కుండీలు కిందికి దింపుదాం, అక్కడే తొక్కిస్తే సరిపోతుంది కదా అని నేను అన్నాను. అత్త నన్ను జాలిగా చూసింది. "పొలాన్ని ఎత్తుకోని ఎద్దు దగ్గరికి పోతారా యాడన్నా? ఎద్దే పొలానికి రావల్ల." వెళ్లి లిఫ్టు కొలతలు తీశాను. ఆరుగురు మనుషులు అని రాసి ఉంది, ఎద్దుల గురించి ఏమీ రాయలేదు, అయినా పట్టదు. మెట్లే గతి.

పున్నమి నాడు దొర దిగాడు. కొమ్ములకు రంగులు, మెడలో గజ్జెలు, నుదుటి మీద కుంకుమ. అత్త చేతిలో ఓళిగలు, అదే బొబ్బట్లు, పట్టుకుని ముందు నడిచింది, మరిది వెనక నుంచి అదిలించాడు, దొర పెళ్లికొడుకులాగా మెట్లెక్కి మా హాల్లోంచి బాల్కనీలోకి పోయాడు. వరుసగా పెట్టిన గ్రో బ్యాగులన్నీ తొక్కాడు. ఒక బ్యాగు కాలికి తగులుకుంటే విదిలించి పక్కవాళ్ల బాల్కనీలోకి పారేశాడు. అత్త దండం పెట్టుకుని విత్తనాలు చల్లింది. అంతా అయ్యాక కిందికి తోలబోతే దొర మెట్ల దగ్గర ఆగి, కిందికి ఒకసారి చూసి, వెనక్కి తిరిగి మా సోఫాకు ఆనుకుని పడుకున్నాడు.

లాగారు. తోశారు. మళ్లీ ఓళిగ చూపించారు. ఓళిగ తిన్నాడు గానీ లేవలేదు. పశువుల డాక్టర్ని పిలిపిస్తే, ఎద్దుకు పైకి చూస్తే మెట్లు కనబడతాయి, కిందికి చూస్తే గుంత కనబడుతుంది, అందుకే ఎక్కుతుంది గానీ దిగదు అని చెప్పి, సోఫాలో చోటు లేక నిలబడే టీ తాగి వెళ్లిపోయాడు. క్రేన్ తెప్పించడమే దారి అన్నారు. క్రేన్ రావాలంటే కరెంటు తీగలు తప్పించాలి, బాల్కనీ కమ్మీలు కోయాలి. ఆ సంత తప్పిపోయింది, వచ్చే సంతకు చూద్దామని మరిది ఖాళీ బొలేరోతో ఊరికి పోయాడు.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్ శివశంకర్ సార్ నిబంధనల పుస్తకంతో వచ్చాడు. అందులో కుక్కలు కూడదని ఉంది, ఎద్దు ప్రసక్తి లేదు. బాగా ఆలోచించి, దొరను మా ఇంటికి వచ్చిన చుట్టంగా పరిగణిస్తున్నాననీ, చుట్టాలు ఎక్కువ రోజులుంటే ఆధార్ కాపీ ఇవ్వాలనీ చెప్పాడు. ఈ చుట్టానికి ఆధార్ లేదన్నాను. అయితే పేడ వాసన రాకూడదని షరతు పెట్టి పోయాడు.

వానలు పడ్డాయి. పేడా మూత్రమూ మాగేకొద్దీ నా బాల్కనీ పట్టరానంతగా పెరిగింది. గోంగూర కమ్మీలు దాటింది, బీరతీగ పై అంతస్తు వాళ్ల బట్టల తీగకు కాయలు కాసింది. పేడ కోసం బకెట్ పట్టుకుని మొట్టమొదట వచ్చింది శివశంకర్ సారే. తర్వాత అందరూ వచ్చారు. ఏ బాల్కనీ చూసినా టమేటాలు, వంకాయలు. మా ఇంట్లో మాత్రం కాసిందంతా దొర తినేవాడు. నేను కొత్త గ్రాఫ్ గీసి దొర మెడ ఎంత దూరం అందుతుందో లెక్కగట్టి కుండీలు మార్చేదాన్ని. వాడు పలుపును కొంచెం సాగదీసి నా లెక్క తప్పని తేల్చేవాడు. ఎద్దు మొక్కల్ని తింటుంది, మొక్కలు ఎద్దును తింటాయి, మధ్యలో నేను బజారుకు పోయి టమేటాలు కొంటాను. అత్త మాత్రం ఏడవడం మానేసింది. దొర గంగడోలు నిమురుతూ తనలో తాను ఏదో మాట్లాడుకునేది.

శ్రావణంలో ఒక తెల్లవారుజామున పాల ప్యాకెట్ కోసం తలుపు తీశాను. మెట్ల మీద గిట్టల చప్పుడైంది. అత్త ముందు పోతోంది, దొర వెనక పోతున్నాడు. కిందికి. ఆగలేదు, బెదరలేదు, రోజూ ఆఫీసుకు పోయేవాడిలాగా తోక ఊపుకుంటూ దిగాడు. పక్క ఖాళీ స్థలంలో గడ్డి మేసి, తొట్టిలో నీళ్లు తాగి, మళ్లీ మెట్లెక్కి వచ్చాడు. నాకు మిద్దె గుర్తొచ్చింది. శెనక్కాయల కోసం రోజూ మెట్లెక్కిన దూడ రోజూ దిగి ఉండాలి కదా. ఇంత చిన్న లెక్క నాకు తట్టలేదు. నా ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ హాలు కడిగింది నేను, నా సోఫా పోయింది, నా పంట పోయింది.

గుమ్మంలో నన్ను చూసి అత్త ఆగింది. తప్పు చేసిన మొహం పెట్టలేదు. "ఆ పొద్దు మెట్ల కాడ ఆగమని చెవిలో చెప్పినాను, ఆగినాడు. వాడు నా మాట తప్ప ఎవరి మాటా ఇనడు" అని చెప్పి దొరతో పాటు లోపలికి పోయింది.

ఆ వారంలోనే మరిది వచ్చాడు, మర్నాడు సంత. కమ్మీలు కోయడానికి అసోసియేషన్ ఒప్పుకోలేదు. పేడ పోతుందని ఎవరూ అనలేదు, భవనం బలం తగ్గుతుందన్నారు. కళ్లకు గంతలు కట్టి దింపవచ్చని మరిదికి ఎవరో చెప్పారట. కాకపోతే బెదిరి మెట్ల మీద పడితే కాలు విరుగుతుంది, విరిగితే సంతలో కూడా తీసుకోరు. అందుకని నా దగ్గరికి వచ్చాడు.

"వదినా, అమ్మ మాట నేను నమ్మను. అన్నకేమీ తెలీదు. నువ్వు అబద్ధం చెప్పవు. ఇన్ని దినాల్లో వాడు ఒక్కసారన్నా మెట్లు దిగినాడా?"

వంటింటి గడపలో అత్త ఉల్లిగడ్డలు కోస్తోంది. చేతులు ఆగిపోయాయి. బాల్కనీలో దొర, చెట్టుకు మిగిలిన ఒకే ఒక టమేటా కాయను, దాన్ని పండనిద్దామని నేను గుడ్డ చుట్టి దాచిన కాయను, గుడ్డతో సహా నములుతున్నాడు.

"దిగలేదప్పా. ఎద్దుకు కిందికి చూస్తే గుంత కనబడుతుందంట. డాక్టరే చెప్పినాడు గదా" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అట్లయితే ఈడనే సావనీ, మీరే సాక్కోండి అని చెప్పి మరిది పోయాడు. ఆ మధ్యాహ్నం అత్త నా కంచంలో నెయ్యి ఎక్కువ వేసింది.

మర్నాడు ఆమెకు మోకాళ్ల నొప్పి. తెల్లవారుజామున పలుపు నా చేతికి వచ్చింది. వాడు నా మాట వింటాడో లేదోనని భయపడుతూ మెట్ల దగ్గరికి తీసుకుపోయాను. దొర నా వైపు ఒకసారి చూసి, నాకంటే ముందు దిగడం మొదలుపెట్టాడు. కింది మలుపులో శివశంకర్ సార్ ఖాళీ బకెట్‌తో ఎదురొచ్చాడు. పలుపు వెనక్కి లాగాను, దొర ఆగలేదు. ఆయన అలవాటుగా గోడవైపు ఒదిగి దొరకు దారి ఇచ్చాడు.

"ఎద్దు దిగదంట గదమ్మా" అన్నాడు.

"దిగదు సార్" అన్నాను.

"అదే, ఎవరన్నా అడిగితే మేమూ అదే చెప్తాండాం" అని పేడ కోసం పైకి పోయాడు.